కుడి పెడల్

మా వైపు ఇళ్ళలో పుట్టినరోజుల క్యాలెండర్‌ని మరుగుదొడ్డి తలుపు వెనక వేలాడదీస్తారు. ఎందుకని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. అందులో వారాలుండవు, సంవత్సరం ఉండదు. నెలలూ తేదీలూ మాత్రమే ఉంటాయి కాబట్టి ఒకసారి పేర్లు రాసుకుంటే బతికినన్నాళ్ళూ పనికొస్తుంది. మా ఇంట్లోది అమ్మ చేతిరాతతో ఉంది. ఆమె రాసిన వాళ్ళలో సగం మంది పోయారు, ఆమె కూడా పోయింది. నేను మాత్రం రోజుకి నాలుగైదుసార్లు వాళ్ళందరినీ పలకరించి వస్తుంటాను.

ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచి ఆ ఏడు మే నెలాఖరున రిటైరయ్యాను. పోస్టాఫీసు వాళ్ళు కేకు కోసి, మంచి గొడుగొకటి చేతిలో పెట్టి పంపించారు. ఆ మర్నాటి నుంచి వాన మొహం చాటేసింది. రెండు నెలలు చినుకు లేదు. ఏడాదంతా పచ్చగా ఉండే మా ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో గడ్డి పసుపురంగుకి తిరగడం నా అరవై ఒక్కేళ్ళలో ఎప్పుడూ చూడలేదు, ఆ ఎండాకాలం చూశాను. కాలువల్లో నీళ్ళు దిగిపోయి ఒడ్లు బయటపడ్డాయి. ఆవులు ఎండుగడ్డి ముందు విసుగ్గా నిలబడి ఉండేవి.

పొద్దున లేచి యూనిఫాం వేసుకునే పని లేకపోతే మనిషికి కాళ్ళూ చేతులూ ఆడవు. ఊళ్ళో ప్రతి తలుపూ నాకు తెలుసు. కానీ చేతిలో ఉత్తరం లేకుండా ఒక్క తలుపు తట్టడానికీ మొహం చెల్లలేదు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మతో ఉన్నాను, పోయాక ఆమె ఇంట్లో ఉన్నాను. కొన్నిరోజులు సాయంత్రమయ్యేసరికి గుర్తొచ్చేది, ఆ రోజు నేను ఒక్క మాట కూడా పైకి అనలేదని. జూన్ రెండో వారంలో ఒక పొద్దున మరుగుదొడ్డిలో కూర్చుని, ఆగస్టు ఇరవై ఐదు దగ్గర 'హిస్కె' అని అమ్మ రాసిన పేరు చదివి, ఈసారి వెళ్ళాలి అనుకున్నాను.

హిస్కె మా అక్క. నాకంటే ఐదేళ్ళు పెద్ద. ముప్పై కిలోమీటర్ల దూరంలో హార్లింగెన్‌లో, రేవు పక్కన ఉంటుంది. మేం మాట్లాడుకుని ఏడేళ్ళయింది.

తప్పు నాదే. అమ్మ పోయాక సామాను పంచుకునేటప్పుడు, అందరూ చేసినట్టే మేమూ కావలసిన వస్తువు మీద రంగు బిళ్ళ అంటించుకోవాలని అనుకున్నాం. నాది నీలం, అక్కది ఎరుపు. నేను గోడగడియారం దగ్గర్నుంచి కాఫీ చెంచాల దాకా నలభై చోట్ల అంటించాను. అక్క ఇల్లంతా తిరిగి చూసి, పెరట్లోకి వెళ్ళి, షెడ్డు మూలనున్న పాత సైకిల్‌కి ఒక్కటంటే ఒక్క ఎర్ర బిళ్ళ అంటించి వచ్చింది.

"షెడ్డు ఇంటితో పాటు నాకొచ్చింది కదా అక్కా. షెడ్డులో ఉన్నది కూడా నాదే అవుతుంది," అన్నాను.

నిజానికి ఆ సైకిల్‌తో నాకేం పని లేదు. పన్నెండేళ్ళు అమ్మకి అన్నీ మంచం మీదే చేసింది నేను, నెలకో ఆదివారం పూలు పట్టుకొచ్చి అమ్మ నోట పొగిడించుకున్నది అక్క. ఆ కడుపుమంట ఆ రకంగా బయటపడింది. అక్క నా మొహంలోకి కాసేపు చూసి, కోటు వేసుకుని, బస్సు దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా పుట్టినరోజుకి ఏటా ఒక కార్డు వచ్చేది, సంతకం తప్ప ఇంకో మాట లేకుండా. దాన్ని నేనే పోస్టాఫీసులో కట్టలోంచి తీసి, నా సంచిలో వేసుకుని, ఊరంతా తిరిగి, మా ఇంటికి నేనే తెచ్చుకునేవాణ్ణి.

ఇక నా ఆలోచన ఏమిటంటే, ఆ సైకిల్‌ని కొత్తదానిలా చేసి, పుట్టినరోజునాడు తీసుకెళ్ళి అక్కకి ఇచ్చెయ్యాలి. ఈ ప్రపంచంలో నా మనిషి అని చెప్పుకోవడానికి నాకు ఆవిడొక్కతే మిగిలింది. క్షమించమని నోటితో అడగడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఆ మాట సైకిలే చెప్పాలి.

సైకిల్‌ని వెలుగులోకి లాగిన రోజే ఊబెలె బాబాయ్ వచ్చాడు. ఆయనకి ఎనభై నాలుగేళ్ళు. ఊళ్ళో సైకిల్ షాపు ఆయనదే. అది మూసేసి పద్దెనిమిదేళ్ళయింది, అందులో ఇప్పుడు ఆడవాళ్ళ గోళ్ళకి రంగులు వేస్తున్నారు.

"బతికుందా, పోయిందా?" అన్నాడు కంచె మీంచి తొంగిచూసి.

"ఎవరు బాబాయ్?"

"సైకిల్ సంగతి అడుగుతున్నాన్రా. నీ సంగతి నిన్ను చూస్తేనే తెలుస్తోంది."

అది అమ్మ పెళ్ళైన ఏడు, యుద్ధం ముగిసిన నాలుగేళ్ళకి, వెన్న ఫ్యాక్టరీలో పనిచేసి దాచుకున్న డబ్బుతో కొనుక్కున్న సైకిల్. పొడుగాటి నల్లటి ఆడవాళ్ళ సైకిల్. గౌను చిక్కుకోకుండా వెనక చక్రానికి రెండువైపులా అల్లిన వల, చైన్ మీద నల్లటి మైనపు గుడ్డ కవరు, పాత చట్టం ప్రకారం వెనక మడ్‌గార్డు కొసకి జానెడు తెల్లరంగు. అమ్మ దగ్గర్నుంచి అది అక్కకి వచ్చింది. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి అక్క తొక్కేది, నేను వెనక క్యారియర్ మీద కూర్చునేవాణ్ణి. గాలి ఎటు నుంచి వీచినా అక్క వీపు నాకు అడ్డం ఉండేది. బూడిదరంగు ఉన్ని కోటు, వెన్ను మధ్యలో ఒక కుట్టు. ఆ కుట్టు ఎక్కడ వంకర తిరిగిందో కూడా గీసి చూపించగలను.

అక్కకి నాలుగో ఏట పోలియో వచ్చింది. నేను పుట్టకముందు సంగతి. కుడికాలు పొట్టి, నడిస్తే ఒకవైపు ఒరుగుతుంది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తకపోతే అది లేనట్టేనని అమ్మ నమ్మకం. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు కూడా అది లేనట్టే అలవాటైపోయింది.

మర్నాటి నుంచి బాబాయ్ రోజూ సరిగ్గా పది గంటలకి, కాఫీ వేళకి, వచ్చేవాడు. నేను కాఫీ పోసి, బిస్కట్ల డబ్బా తెరిచి, ఒకటి ఇచ్చి, మూత పెట్టేవాణ్ణి. అది మా అందరి పద్ధతే. ఆయన మూత కేసి జాలిగా చూసేవాడు.

"ప్రతి నట్టునీ విప్పిన వరసలోనే తీగకి గుచ్చు," అనేవాడు కుర్చీలోంచి కదలకుండా. "బిగించేటప్పుడు తీగ కొస నుంచి వెనక్కి రా. నీ బుర్రని నమ్ముకోకు."

రెండో వారంలో పెడళ్ళ దగ్గరికి వచ్చాం. కుడి పెడల్ మీద రెండు బోల్టులతో బిగించిన చెక్క దిమ్మె ఒకటి ఉంది. మూడు వేళ్ళ మందం. దుమ్మూ గ్రీజూ పట్టి నల్లగా ఉంది.

"ఇదెవరిది?" అన్నాడు బాబాయ్.

"నాదే అయ్యుంటుంది. సైకిల్ నేర్చుకునేటప్పుడు నాన్న బిగించి ఉంటాడు."

మా చిన్నప్పుడు పిల్లలకి వేరే సైకిల్ ఎవరు కొనేవాళ్ళు? పెద్ద సైకిల్ పెడళ్ళకే చెక్క దిమ్మెలు బిగించి ఎక్కించేవాళ్ళు, కాళ్ళు అందే వయసుకి తీసేసేవాళ్ళు. ఊళ్ళో ప్రతి పిల్లాడూ అలా నేర్చుకున్నవాడే.

"పిల్లలకి రెండు వైపులా కడతారు," అన్నాడు బాబాయ్. "ఇక్కడ ఒకటే ఉంది."

"రెండోది ఊడిపోయి ఉంటుంది."

ఆయన దిమ్మెని చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు తడిమాడు. "మీ నాన్న పనిమంతుడు. చీజ్ ఆరబెట్టే బల్లలోంచి కోశాడు చూడు. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు తాగి రాయిలా అయింది. ఉంచరా దీన్ని."

"కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇది లేదు కదా బాబాయ్. నాకు సైకిల్ అప్పటిలా కావాలి."

"అప్పటిలా అంటే? మీ అమ్మ ఒక్కతే తొక్కినప్పటిలాగానా?"

ఆయన ఊరికే అనలేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ ఊళ్ళో ప్రతి సైకిలూ ఆయన చేతుల్లోంచి వెళ్ళిందే. కానీ మా వాళ్ళు ఇంకొకరింటి విషయం అంతకంటే విప్పి చెప్పరు. ఒకసారి అంటారు, వినకపోతే కాఫీ తాగుతారు. బాబాయ్ కాఫీ తాగాడు.

ఆ శనివారం తీసేసిన వస్తువులన్నీ మునిసిపాలిటీ యార్డుకి పట్టుకెళ్ళాను. అక్కడ ఒక్కో రకానికి ఒక్కో తొట్టి ఉంటుంది. తుప్పు పట్టిన స్పోకులు ఇనుములో, పగిలిన టైర్లు రబ్బరులో, చిరిగిన సీటు తోలు మిగతా చెత్తలో వేశాను. దిమ్మెకున్న బోల్టులు ఊడదీసి ఇనుములో పడేసి, చెక్కని చెక్కల తొట్టిలో వేశాను. అక్కడి కుర్రాడు "ఇంత పద్ధతిగా ఎవరూ తేరండీ" అన్నాడు. ఇంటికొచ్చేదాకా ఆ మెప్పుతో నా కడుపు నిండింది. ఎవరైనా నన్ను మెచ్చుకుని చాలా రోజులైంది మరి.

జూలై అంతా షెడ్డులోనే గడిచింది. ఎండకి రేకు కప్పు టకటకమనేది. రంగు విషయంలో బాబాయ్‌కీ నాకూ వాదన వచ్చింది. "తుడిచి నూనె పట్టించు చాలు. ముసలాళ్ళకి మొహాన రంగు పూస్తే అందం రాదు," అన్నాడు. నేను వినలేదు. ఉప్పుకాగితంతో ఇనుము తెల్లబడేదాకా గీకి, ఒకదాని మీద ఒకటి నాలుగు పూతలు నల్లరంగు వేశాను. చైన్ కవరు కోసం మైనపు గుడ్డ తెప్పించి, అమ్మ కుట్టుమిషన్ మీద మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాను. వెనక చక్రం వలని చేత్తోనే అల్లాను. రిమ్ము వంకర తీరేదాకా ఒక్కో స్పోకూ పావు చుట్టు బిగిస్తూ, పావు చుట్టు వదులుతూ ఒక రోజంతా కూర్చున్నాను.

బాబాయ్ వెళ్ళిపోయాక మిగిలిన రోజంతా మళ్ళీ నాకు నేనే. సైకిల్‌తో మాట్లాడేవాణ్ణి. మొదట్లో "ఉండు, ఉండు" అనేవాణ్ణి చక్రంతో. తర్వాత్తర్వాత "ఏం అక్కా, బాగుందా?" అనడం మొదలుపెట్టాను. ఒకరోజు అలా అంటూ నా గొంతు నేనే విని సిగ్గేసి షెడ్డు తలుపు మూసుకున్నాను. చుట్టూ రెండు పొలాల దూరందాకా మనిషి లేడు. అయినా మూసుకున్నాను.

ఫ్రేము మీద బంగారు గీతలు మాత్రం బాబాయే వెయ్యాలి. ఆయన కాఫీ కప్పు పట్టుకుంటే సాసరు గలగలలాడుతుంది. ఆ చెయ్యి చూసి నాకు భయమేసింది. కానీ కుంచె పట్టుకుని, ఊపిరి బిగించి, హ్యాండిల్ మెడ నుంచి సీటు దాకా ఒక్క లాగులో వెంట్రుకంత గీత దించాడు. ఎక్కడా తొణకలేదు.

"వణకలేదే!" అన్నాను.

"ఖాళీగా ఉన్నప్పుడే వణుకుతుందిరా," అన్నాడు. తర్వాత కుంచె తుడుచుకుంటూ అడిగాడు. "హిస్కెకి ఫోన్ చేశావా?"

"లేదు."

"ఉత్తరం రాశావా?"

"నాలుగు రాశాను."

"వేశావా?"

నాలుగూ వంటింటి సొరుగులో ఉన్నాయి, స్టాంపులతో సహా.

"ముప్పై ఎనిమిదేళ్ళు ఊరందరి ఉత్తరాలూ చేర్చావు. నీది చేర్చడానికి ఎవడొస్తాడ్రా?" అన్నాడు బాబాయ్. ఆ రోజు రెండో బిస్కట్ అడక్కుండానే తీసుకున్నాడు, నేనూ అడ్డు చెప్పలేదు.

మా దగ్గర ఎవరింటికైనా వెళ్ళాలంటే రెండు వారాల ముందు అడిగి, తేదీ, వేళ రాసిపెట్టుకోవాలి. కన్నతల్లి ఇల్లైనా అంతే. పుట్టినరోజు ఒక్కటే అందుకు మినహాయింపు. ఆ రోజు తలుపు తీసే ఉంటుంది, తెలిసినవాళ్ళు ఎవరైనా పిలవకుండానే వస్తారు, వచ్చినవాణ్ణి పొమ్మనకూడదు. నా ధైర్యమంతా ఆ రివాజు మీదే ఆధారపడి ఉంది. అక్కకి ఇష్టమున్నా లేకపోయినా ఒక కప్పు కాఫీ అయితే ఇవ్వాలి.

ఆగస్టు ఇరవై ఐదు శనివారం. పొద్దున ఏడింటికి బయల్దేరాను. వానలు అప్పటికి మొదలయ్యాయి, ఆ రోజు మాత్రం మబ్బు పట్టి ఎదురుగాలి వీచింది. సీటుని పాత గుర్తు దగ్గరే ఉంచాను కాబట్టి నా మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతున్నాయి. అరవై ఒక్కేళ్ళ మగవాడు ఆడవాళ్ళ సైకిల్ మీద ముడుచుకుని, సముద్రపు కట్ట పక్కన, ఎదురుగాలిలో. దారిలో ఇద్దరు నన్ను చూసి నవ్వారు. నాకేం పట్టలేదు. సైకిల్ ఒక్కచోట కూడా కిర్రుమనలేదు. ముప్పై కిలోమీటర్లూ నేను అనాల్సిన మాట వల్లె వేసుకుంటూనే ఉన్నాను, ఒక్కసారి కూడా కుదరలేదు.

పది దాటాక చేరాను. సైకిల్‌ని వెనక సందులో పెట్టి ముందు తలుపు నుంచి వెళ్ళాను. ముందుగదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేసి పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు, ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని. అక్క కాఫీ కూజాతో వంటింట్లోంచి వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి ఆగింది.

"వచ్చావా," అంది, నేను పాలకోసం వీధి చివరిదాకా వెళ్ళొచ్చినట్టు. "కూర్చో. కాఫీ తాగుతావా?"

మా వైపు పుట్టినరోజుకి వచ్చినవాళ్ళు, పుట్టినరోజు మనిషికే కాదు, గదిలో అందరికీ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి. మీ స్నేహితురాలి పుట్టినరోజుకి శుభాకాంక్షలు, మీ పొరుగావిడ పుట్టినరోజుకి శుభాకాంక్షలు, అలా. నేను చుట్టూ తిరిగి చెప్పుకుంటూ వచ్చాను. కిటికీ దగ్గర పూల గౌను వేసుకున్న పెద్దావిడ నా చెయ్యి వదలకుండా అడిగింది.

"ఇంతకీ మీరు ఎవరు బాబూ?"

"తమ్ముణ్ణండి. డౌవె."

"తమ్ముడా! హిస్కె, నీకో తమ్ముడున్నాడా? ఆరేళ్ళుగా పక్కింట్లో ఉంటున్నాం, ఏ పుట్టినరోజుకీ చూడలేదే!"

నా చెవులు కాలిపోతున్నాయి. అక్క కేకు మీంచి తలెత్తలేదు.

"ఉన్నాడు," అంది కోస్తూనే. "పోస్టులో ఆలస్యమయ్యాడు."

అందరూ నవ్వారు. ఆవిడ నా చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని, "అయితే మీ అక్క పుట్టినరోజుకి మీకు శుభాకాంక్షలు," అంది. తర్వాత ఆమె పక్కనున్నాయన అన్నాడు, ఆయన పక్కనున్నామె అంది. మీ అక్కకి, మీ అక్కకి అని ఒక్కొక్కరే చెయ్యి కలిపారు. ఏడేళ్ళుగా నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. గులాబీరంగు పూత వేసిన కేకు ముక్క చేతిలోకి వస్తే, తల వంచుకుని తినడం మొదలుపెట్టాను.

పన్నెండున్నరకి అందరూ ఒకేసారి లేచారు. ఇల్లు ఖాళీ అయింది. అక్క కప్పులు తీస్తోంది.

"నీకోసం ఒకటి తెచ్చాను. వెనక ఉంది," అన్నాను.

సందులోకి వచ్చి అక్క సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగింది. వల మీద చెయ్యి వేసి చూసింది. బంగారు గీత వెంట వేలు జరిపింది.

"నువ్వే చేశావా?"

"గీతలు ఊబెలె బాబాయ్. మిగతాదంతా నేనే."

"దుకాణంలోంచి ఇప్పుడే వచ్చినట్టుంది," అంది. ఆమె మొహంలో నేను చిన్నప్పుడెప్పుడో చూసిన వెలుగొచ్చింది. "ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన మూడు చక్రాల బండి ఒకటుంది నాకు. మంచిదే. దాని మీద వెళ్తుంటే పిల్లలు దారి ఇస్తారు, పెద్దవాళ్ళు జాలిపడతారు. పట్టుకో, చూద్దాం."

నా భుజం పట్టుకుని ఎక్కింది. ఏడేళ్ళలో మొదటిసారి ఆమె చెయ్యి నా మీద పడింది. ఎడమ పెడల్ నొక్కింది. సైకిల్ కదిలింది. నేను వెనక క్యారియర్ పట్టుకుని నడుస్తున్నాను. కుడి పెడల్ కిందికి దిగింది. అక్క పాదం దానితో పాటు దిగి, దిగి, అక్కడితో ఆగిపోయింది. పెడల్ ఇంకా కిందుంది. పాదం గాలిలో వెతుక్కుంటోంది.

అక్క ఎడమకాలు నేలకి ఆనించి ఆపింది. వంగి చూసింది.

"ఎక్కడుంది?"

"ఏది?"

"దిమ్మె."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. వెనక కూర్చున్నవాడికి వీపు కనిపిస్తుంది, పాదాలు కనిపించవు.

"యార్డులో ఇచ్చేశాను," అన్నాను. "చెక్కల తొట్టిలో."

"చెక్కల తొట్టిలో." అక్క తలూపింది. "పద్ధతిగానే వేశావన్నమాట."

"నాదనుకున్నాను అక్కా. నేను నేర్చుకున్నప్పటిది అనుకున్నాను."

"నువ్వు నేర్చుకుంది పక్కింటి వాళ్ళ సైకిల్ మీద. దీన్ని నువ్వు తొక్కిందెప్పుడ్రా? వెనక కూర్చున్నావ్, అంతే."

ఆమె దిగి, సైకిల్‌ని నాకు ఇచ్చేసి, వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుంది. కోప్పడుతుందేమో అని చూశాను. కోప్పడితే బాగుండుననిపించింది.

"ఆ కాలికి మందపాటి బూటు వెయ్యమని డాక్టరు చెబితే అమ్మ వెయ్యనివ్వలేదు. నలుగురూ చూస్తారని," అంది. "నాన్న ఒక్కమాట అనలేదు. నాకు పదేళ్ళొచ్చిన వసంతంలో దిమ్మె చేసి పెడల్‌కి బిగించాడు. నేను పెరుగుతుంటే తేడా కూడా పెరిగేది కదా. ఏటేటా పాతది తీసి కొత్తది పెట్టేవాడు. ఏడు దిమ్మెలు చేశాడు. ఆఖరిది అది. హార్లింగెన్‌కి వచ్చేటప్పుడు సైకిల్ అడిగితే, అక్కడ కూడా దాంతో ఊరేగాలా అంది అమ్మ."

"మరి ఆ రోజు నాతో..."

"నాకు కావలసింది ఆ చెక్కముక్కేరా. చెక్కముక్క అడిగితే నవ్వుతావని సైకిల్ అడిగాను."

రెండు నెలలు ఆ సైకిల్‌లో ప్రతి స్పోకునీ చూశాను, ప్రతి నట్టునీ వరస తప్పకుండా గుచ్చిపెట్టాను. అక్కది అన్నదాన్ని ఒక్కదాన్నే పారేసి వచ్చాను.

"నేను చేస్తాను అక్కా. మళ్ళీ చేస్తాను."

"నాన్న చెయ్యి తెస్తావా?" అంది.

నేను సైకిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను, పొమ్మన్నా అది న్యాయమే. అక్క వంగి కుడి బూటు తాడు విప్పింది. బూటు తీసింది, మేజోడు తీసింది. ఎడమదీ తీసింది. తలుపు అంచు పట్టుకుని రాతి మెట్టు మీద నిటారుగా నిలబడింది.

"ఊరికే నిలబడకు. కొలుచుకో," అంది.

నా దగ్గర టేపు లేదు. క్యారియర్‌కి చుట్టిన తాడు విప్పుకుని ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అరవై ఒక్కేళ్ళలో అక్క పాదం నేను చూడలేదు. చిన్నది, పదేళ్ళ పిల్ల పాదమంత. చల్లగా, నీలంగా ఉంది, వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. అది రాతికి ఆనకుండా పైన వేలాడుతోంది. రాతికీ పాదానికీ మధ్య ఉన్న ఖాళీలో తాడు నిలబెట్టాను.

"నొప్పి వేసేదా అక్కా? నన్ను బడికి తీసుకెళ్ళేటప్పుడు?"

"రోజూ," అంది. "నువ్వేమో వెనక కాళ్ళూపుకుంటూ పాటలు పాడేవాడివి."

తాడుకి ముడి వేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగి ఆ ముడి ఎక్కడ పడిందో కనిపించలేదు.

"సరిగ్గా చూడరా," అంది అక్క.

ముడి విప్పి, మళ్ళీ మొదటినుంచి కొలిచాను.